కనకయ్య హాజర్

"రేపు పేష్కారు ముందర నిలబడాలె. అంగి జర తెల్లగ ఉతుకు" అని చెప్పి కనకయ్య తన అంగీని ముత్తమ్మ భుజం మీద వేసి వెళ్ళిపోయాడు. చేతికి ఇవ్వలేదు. ఆమె చేతులు అప్పటికే బూడిదనీళ్ళలో ఉన్నాయి గనుక భుజం మీద వేశాడు, అంతే, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. తప్పు పట్టే ఓపిక ఆమెకూ లేదు. అంగీని తొట్టిలో ముంచింది. మెడపట్టీ దగ్గర మురికి నల్లగా పేరుకుని ఉంది. బొటనవేలితో దాన్ని రుద్దుతుంటే ఆమెకు ఒక సంగతి తోచింది. తన నౌకరీని తీసుకోవడానికి పోతున్న మనిషికి అంగీ కూడా తనే ఉతికి పంపుతోంది. తోచింది గానీ ఎక్కడా తగల్లేదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లుకున్నట్టుంది.

ఈ నౌకరి ముచ్చట మొదటినుంచీ చెప్పుకోవాలి. ఢిల్లీ నుంచి పటేలు దండు దిగి నైజాం రాజ్యం పోయిన మరుసటి ఉగాదికి, మానుకోట అవతలి అడవి అంచున ఉన్న తండాలన్నిటినీ సర్కారు ఖాళీ చేయించింది. అడవిలో తిరిగే సంఘం దళాలకు తండాల వాళ్ళు బువ్వ పెడుతున్నారట. అందుకని అందరినీ తోలుకొచ్చి ముత్తమ్మ వాళ్ళ ఊరి పక్క బీడులో గుడిసెలు వేయించి కూర్చోబెట్టారు. చుట్టూ ముళ్ళకంచె, ఒక మూల పోలీసుల డేరాలు. దాన్ని కేంపు అన్నారు. నాలుగు వందల మంది ఒక్కచోట కుక్కుకునేసరికి ముందు వాంతులూ భేదులూ, వాటి వెనక జ్వరాలూ. అప్పుడు గుర్తుకొచ్చింది సర్కారుకు దవాఖాన. రేకుల షెడ్డు ఒకటి లేపి, నర్సయ్య అనే కాంపౌండరును పంపించారు. లంబాడా ఆడవాళ్ళు ఆ మగమనిషి ముందు నోరు విప్పి ఇక్కడ నొప్పి అని చెప్పరు. చెప్పకపోతే ఆయన మందివ్వలేడు. అందుకని ఆడమనిషి ఒకతె కావాలన్నారు. హంగామీ నౌకరి, అంటే తాత్కాలికం. ఆర్నెల్లకొక హుకుం వస్తుంది, వస్తే ఉన్నట్టు, రాకపోతే పోయినట్టు.

రాసుకోవడానికి తహసీలు గుమాస్తా ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ముత్తమ్మ తలుపు వెనక నిలబడింది. పనికి ఎవరొస్తారని అడిగాడు. "మా ఇంటిది" అన్నాడు కనకయ్య. పేరేమిటన్నాడు గుమాస్తా. నలుగురిలో పెళ్ళాం పేరు కనకయ్య ఎట్లా చెప్తాడు? ఆ ఊళ్ళో మొగుడు పెళ్ళాం పేరు పలకడు. పెళ్ళాం మొగుడి పేరైతే చచ్చినా పలకదు, పలికితే ఆయుష్షు తగ్గుతుందట, తగ్గేది ఆయనదే. "కనకయ్య అని రాసుకోండ్రి" అన్నాడు, కనకయ్య ఇంటి మనిషి అనే ఉద్దేశంతో. గుమాస్తా పేరు గడిలో కనకయ్య అనీ, పని గడిలో ఆయా అనీ రాసి కలం దులిపాడు. తలుపు వెనక ముత్తమ్మ విన్నది. అది తప్పని చెప్పాలంటే "కనకయ్య కాదు" అనాలి. ఆ పేరు ఆమె నోట్లోంచి ఎట్లా వస్తుంది? ఊరుకుంది. ఆర్నెల్ల ముచ్చటే గదా అని అందరూ ఊరుకున్నారు. ఆ ఆర్నెల్లు పొడుగుతూ పొడుగుతూ రెండున్నరేళ్ళయ్యాయి.

ఇది కొత్తేమీ కాదు లెండి. అంతకు ముందు సంఘం వాళ్ళు దొర బంజరు పంచినప్పుడూ ఇంతే. గట్టు మీద నిలబడి ఒక్కొక్క పేరూ చదివారు, ఎకరన్నర కనకయ్యకని. ఆ చెలకలో రాళ్ళేరింది ముత్తమ్మ, కలుపు తీసింది ముత్తమ్మ, కొడవలి జారి కుడి బొటనవేలు నిలువునా చీరుకుంది కూడా ఆ చెలకలోనే. దండు వెనకాలే దొర తిరిగొచ్చి భూమి లాక్కున్నాడు. అప్పుడు ఊరంతా అయ్యో కనకయ్య భూమి పోయిందే అన్నది. పోలీసులు కనకయ్యను మూడు రోజులు ఉంచుకుని కొట్టి పంపారు. మడమ నలిగింది. మడమ కంటే మనిషి ఎక్కువ నలిగాడు. అప్పటినుంచి ఏ పనికీ పోలేదు, ఆయన మీద అందరికీ జాలే. ముత్తమ్మకూ ఉండేది, మొదట్లో.

నర్సయ్య పద్ధతి మనిషి, కొంచెం చాదస్తం కూడా. కేంపులో పనిచేసే వాళ్ళ మీద పోలీసులకు ఎప్పుడూ అనుమానమే గనుక, పొద్దున్నే రిజిష్టరు తెరిచి పేరు పిలిచి వేలిముద్ర వేయించుకునేవాడు. పిలవడానికి ఉన్నది ఇద్దరే. నీళ్ళు మోసే భద్రు ఒకడు. రెండో పేరు "కనకయ్య" అని పిలిస్తే మొదటిరోజు ఎవరూ పలకలేదు.

"నిన్నే అవ్వా. హాజర్ అనాలె" అన్నాడు నర్సయ్య.

"అది నా పేరు గాదు."

"నాకెరికే. కాయితం మీద అదే ఉన్నది, నేనేం చెయ్యాలె? ఆర్నెల్లకు ఎవడు మారుస్తడు, ఊకో."

"హాజర్" అన్నది ముత్తమ్మ. సిరాలో వేలు ముంచి ముద్ర వేసింది. నడిమిట్ల గీత కొట్టేసినట్టు, రెండుగా చీలిన ముద్ర. రెండో నెలకల్లా ఆ పేరు వినగానే ఆమె నోరు దానంతటదే పలికేది. మొగుడి పేరు పలకకూడదు గానీ, మొగుడి పేరుకు పలకొచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

హుకుంలో ఉన్న పని ఊడ్చడం, నీళ్ళు కాగబెట్టడం. చేసిన పని అది కాదు. చీము గుడ్డలు ఉడకబెట్టి ఆరేసేది, సూదులు మరిగించేది, పుండ్లు కడిగేది, అర్థమయ్యీ కాని లంబాడా మాటల్లోంచి ఏ ఆడమనిషికి ఎక్కడ నొప్పో ఏరుకుని నర్సయ్యకు చెప్పేది. కాన్పులు పట్టేది. అరవైమందికి పైగా పిల్లలు ఆమె చేతుల్లో పడ్డారు. పొద్దు గూకి ఇంటికొస్తే ముందు తలుపు నుంచి రానిచ్చేది కాదు అత్త. "దొడ్డికెల్లి రా. ఊరందరి మైల నెత్తికెత్తుకొని వస్తది" అనేది. పుష్యమాసంలోనూ దొడ్లో చన్నీళ్ళు పోసుకుని, తడిచీరతో లోపలికొచ్చి, అప్పుడు పొయ్యి అంటించేది. జొన్నగట్క వండి ఇద్దరికీ పెట్టేది. అత్త ఆ చేతి వంట తినేది, ఆ చేత్తో తెచ్చిన జీతమూ తీసుకునేది. మైల వాటికి అంటదు కాబోలు. కనకయ్య ఏమీ అనేవాడు కాదు. కొట్టేవాడూ కాదు. కొట్టని మొగుడు దొరికాడని వాడకట్టు ఆడవాళ్ళు ముత్తమ్మ అదృష్టాన్ని మెచ్చుకునేవాళ్ళు.

రెండో ఏడు వానాకాలంలో, కాగిన నీళ్ళ గంగాళం దించుతుంటే ముత్తమ్మకు కడుపులో ఏదో తెగినట్టయింది. అయిదో నెల. ఎందరికో కాన్పు చేసిన ఆ షెడ్డులోనే, ఆ చాప మీదే అయిపోయింది. సోమ్లీ అనే లంబాడామె పక్కన కూర్చుని వీపు రాసింది. సగం దినం కూడా నాగా పడితే హుకుం తెగుతుందని నర్సయ్య ముందునుంచీ చెప్తూనే ఉండేవాడు. అందుకని తెల్లారి ముత్తమ్మ మళ్ళీ షెడ్డుకు వచ్చింది. పేరు పిలిస్తే హాజర్ అన్నది. ఆ రోజు వేలు పక్కకు జారింది, ముద్ర సిరా మరకయింది. ఇంటి దగ్గర అత్త, "అందరి కాన్పులు చేసి చేసి దిష్టి తగిలిచ్చుకున్నది" అన్నది. కనకయ్య మడమ రాసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, "నౌకరి అయితే పోలె గద?" అని అడిగాడు. చెడ్డగా అడగలేదు. భయపడి అడిగాడు. అందుకే ఆ మాటకు ఏడుపు కూడా రాలేదు ముత్తమ్మకు. లోపల ఏదో ఒక దీపం ఉండి ఉంటుంది, అది మలిగింది. మలిగిన సంగతి కూడా కొన్నాళ్ళ దాకా తెలియలేదు. పని జరుగుతూనే ఉంది కదా.

ఇట్లా ఉండగా, మొన్న బతుకమ్మ పోయిన వారానికి మానుకోట నుంచి కాగితం వచ్చింది. కేంపు ఎత్తేస్తున్నారు. తండాల వాళ్ళు తండాలకు పోవచ్చు. దవాఖాన బందు. భద్రును, ముత్తమ్మను కూర్చోబెట్టి నర్సయ్య ఆ కాగితం విడమరిచి చెప్పాడు. నౌకరి తీసేయడం వేరట, నౌకరే లేకుండా పోవడం వేరట. మనిషి తప్పు చేస్తే తీసేస్తారు, వాడికేమీ దక్కదు. పోస్టే రద్దయితే దాన్ని తఖ్ఫీఫ్ అంటారట. రెండేళ్ళు నాగా లేకుండా చేసినవాళ్ళకు తఖ్ఫీఫ్ అయితే ముందుగా నోటీసు ఇవ్వాలి, తాలూకాలో మళ్ళీ చోటు ఖాళీ అయినప్పుడు మొదట వాళ్ళనే పిలవాలి. మానుకోట పెద్దదవాఖానలో చోటు ఖాళీ ఉండనే ఉంది. అది ముస్తఖిల్, పక్కా నౌకరి. ముసలితనం దాకా ఎవరూ పొమ్మనరు.

"అంటే నన్ను పిలుస్తరా?" అని అడిగింది ముత్తమ్మ. అడుగుతుంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. చాలా రోజులకు ఆమెకు ఏదో కావాలనిపించింది.

నర్సయ్య కాగితం వంక చూశాడు. "కనకయ్య, తండ్రి పోచయ్య. చప్రాసీ పోస్టుకు పిలిచిండ్రు" అన్నాడు మెల్లిగా. పని గడిలోని ఆయాను ఎవరూ చూడలేదు, మగ పేరు చూసి మగ పోస్టు ఇచ్చారు. "ఇప్పుడు పేరు తప్పంటే, రెండున్నరేండ్లు తప్పుడు హాజరీ ఎట్ల ఏసినవని నా మెడకు చుట్టుకుంటదవ్వా. పిల్లలున్నోన్ని."

నర్సయ్య చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళను వెతికితే దొరకరు. ఎవరి కారణం వాళ్ళకుంది.

ఇంట్లో ఆ రాత్రి నుంచే పండుగ. "నా కొడుకుకు సర్కారు నౌకరి అచ్చింది. కుర్చీపీట మీద కూసునేది" అని అత్త ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ముత్తమ్మ గట్క వడ్డిస్తూ ఒక్కమాట అన్నది. "అది నేను చేసిన నౌకరి గద."

"ఎవలు గాదన్నరు?" అన్నాడు కనకయ్య, నిజంగానే ఆశ్చర్యపోయి. "నీ పేరైతేంది నా పేరైతేంది, వచ్చేది మన ఇంట్లకే గద. కాలు గిట్లయినంక నాకు ఎవడు పనిస్తడు? నువ్వన్న సమజు జేస్కోకపోతె ఎట్ల?"

"ఇగ నువ్వు ఇంటి పట్టున ఉండొచ్చు. మైల పని తప్పింది" అన్నది అత్త. అది కూడా ప్రేమగానే అన్నది. ఇంటి పట్టున ఉండడమంటే ఏమిటో ముత్తమ్మ ఎరుగును. పొద్దున్నుంచి పొద్దు గూకే దాకా పని ఉంటుంది, పేరు పిలిచేవాళ్ళు మాత్రం ఉండరు. అవతలివాడి పేరుతోనైనా సరే.

అంగీ పిండి దండెం మీద ఆరేస్తుంటే దడి అవతల నుంచి సోమ్లీ పిలిచింది. చంకలో నాలుగు నెలల పిల్ల, నెత్తి మీద మూట. తండాకు పోతున్నారు, చెప్పిపోదామని వచ్చింది.

"అక్కా, ఈ పిల్ల అడ్డం తిరిగితె నువ్వే మల్పి తీసినవు. నీ పేరు పెట్టుకుంటనని అప్పుడే మొక్కుకున్న. కేంపుల అందర్నడిగిన, నీ పేరు ఎవ్వలకు ఎరుకలేదు. దవాఖానామె అంటరు, కనకయ్య పెండ్లామంటరు. ఆ కాంపౌండరును అడిగితె కనకయ్య అని చెప్పె. ఆడపిల్లకు కనకయ్య అని ఎట్ల పెడుదు?" అని నవ్వింది సోమ్లీ. "నీ పేరేంది అక్కా?"

ముత్తమ్మ నోరు తెరిచింది. వెంటనే రాలేదు. జనగామ దగ్గరి పుట్టింట్లో అవ్వ, కన్నతల్లి, ఆ పేరుతో పిలిచేది. అవ్వ పోయింది, ఆ ఇల్లు రజాకార్లు కాల్చిన ఇళ్ళలో పోయింది. ఇక్కడికొచ్చి పదేళ్ళయింది. ఏమే, ఇగో, పిల్లా, దవాఖానామె, కనకయ్య. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, అప్పుడు చెప్పింది. "ముత్తమ్మ."

"ముత్తమ్మ" అని సోమ్లీ పిల్ల చెవిలో చెప్పింది. పిల్ల ముక్కు రుద్దుకుంది. వాళ్ళు దడి దాటి, బీడు దాటి, అడవి దారి పట్టేదాకా ముత్తమ్మ చూస్తూ నిలబడింది. లోపల నుంచి అత్త, "అంగి ఆరిందా?" అని కేకేసింది.

తెల్లారి షెడ్డు ముందు బల్ల వేశారు. తహసీలు కచేరీలో కాగితాలు చూసే పేష్కారు సైకిల్ మీద వచ్చాడు, నడివయసు మనిషి, కళ్ళద్దాలు. మంచాలెన్ని, గంగాళాలెన్ని, సీసాలెన్ని అని రాసుకున్నాక మనుషుల వంతు వచ్చింది. ముత్తమ్మను ఎవరూ రమ్మనలేదు. గంగాళాలు తోమి అప్పజెప్పడానికి వచ్చి పక్కన నిలబడింది. కనకయ్య తెల్లటి అంగీలో, కుంటుతున్నట్టు కనబడకుండా కాలు కూడదీసుకుని ముందు నిలబడ్డాడు. భద్రును పిలిచారు, అయిపోయింది. పేష్కారు రిజిష్టరులో వేలు పెట్టి చదివాడు.

"కనకయ్య."

"హాజర్."

రెండు గొంతులు పలికాయి.

ముత్తమ్మ కావాలని అనలేదు. ఒట్టు పెట్టి చెప్పొచ్చు ఆ మాట. రెండున్నరేళ్ళుగా పొద్దున పొద్దున పలికిన నోరు, పిలవగానే పలికింది. పోలీసులు పకపకా నవ్వారు. కనకయ్య కూడా నవ్వబోయి, "మా ఇంటిది దొరా. అలవాటు పడ్డది" అన్నాడు.

పేష్కారు నవ్వలేదు. "నీ పేరు పిలిస్తె ఆమెకెందుకు అలవాటు?" అన్నాడు. నర్సయ్య దిక్కు చూశాడు. నర్సయ్య తన చెప్పుల దిక్కు చూసుకున్నాడు. పేష్కారు సిరా డబ్బీ ముందుకు జరిపి కనకయ్యను ముద్ర వేయమన్నాడు. పడింది. నిండుగా, గుండ్రంగా, మచ్చలేని ముద్ర. రిజిష్టరు తిప్పాడు. పేజీ వెనక పేజీ, నెల వెనక నెల, అన్నీ నడిమికి చీలిన ముద్రలే. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. చీలికా లేదు, వేలూ లేదు, సిరా మరక.

"ఈ దినం ఏమైంది?" అని కనకయ్యను అడిగాడు.

"యాదికి లేదు దొరా" అన్నాడు కనకయ్య. అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆయనకు గుర్తులేదు.

"ఆ దినం ఏలు సక్కగ పడలె" అన్నది ముత్తమ్మ, గంగాళం కింద పెట్టి. "ముందటి దినం నాకు గర్భం పోయింది." నీళ్ళు మరిగాయి అని చెప్పేటప్పుడు ఉండే గొంతే అది, హెచ్చూ లేదు తగ్గూ లేదు. నవ్విన పోలీసులు మొహాలు తిప్పుకున్నారు.

పేష్కారు కళ్ళద్దాలు తీశాడు. "నువ్వెవరు?"

వీరి ఇంటిదాన్ని అనాలి. ఏ ఆడమనిషైనా అదే అంటుంది, అట్లా అంటే పేష్కారుకూ అర్థమయ్యేది. ముత్తమ్మకు మాత్రం నిన్న సోమ్లీ ముందు నోరు తెరిచి నిలబడిన ఆ కాసేపు గుర్తుకొచ్చింది. పేరు రావడానికి పట్టిన ఆ కాసేపు. ఒళ్ళు మండింది. ఏడాది దాటాక మొదటిసారి ఏదో తగిలింది, ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"కనకయ్య నా మొగడు" అన్నది. "నేను ముత్తమ్మను. ఆ ముద్రలన్ని నాయి."

మొగుడి పేరు ఆమె నోటి నుంచి పదిమందిలో పడింది. నాలుక ఊడలేదు. కనకయ్య చెంప మీద దెబ్బ తిన్నవాడిలా చూశాడు. ఆ చూపుకు ముత్తమ్మకు జాలి వేసింది కూడా. జాలి వేసినా మాట వెనక్కి తీసుకోలేదు.

పేష్కారు కలం పక్కన పెట్టాడు. "చూడమ్మా, నేను ఇది రాస్తె కాయితం వరంగలుకు పోతది, తహకీకాతు నడుస్తది, అందర్ని పిలిచి అడుగుతరు. ఈయనకు చప్రాసీ పోస్టు రాదు. నీ పేరు మీద సర్వీసు ఏదని అడుగుతరు, ఒప్పుకుంటె ఒప్పుకుంటరు, లేకుంటె లేదు. ఇద్దరికీ పోవచ్చు. రాయకపోతె ఇయ్యాల్నే ఇంటికి ఒక నౌకరి ఖాయం. ఇంట్ల మాట్లాడుకొని రాండ్రి, పొద్దు గూకేదాక ఉంట" అన్నాడు.

"ఇంటికి పోదాం పా" అన్నాడు కనకయ్య. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నాడు. "అవ్వ ఎదురుచూస్తున్నది. ఇద్దరికి పోతె ఎట్ల బతుకుతమే?"

భద్రు కావడి దించి నిలబడ్డాడు. ఎట్లా బతుకుతామన్నది మంచి ప్రశ్నే. ముత్తమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి, సిరా డబ్బీలో చీలిన వేలు ముంచి పట్టుకుంది.

"రాయుండ్రి దొరా" అన్నది. "భూమి ఆయన పేరు మీద వచ్చింది, ఆయన పేరు మీదనే పోయింది. గీ నౌకరి పోయేదుంటే, నా పేరు మీద పోనియ్యుండ్రి."